తొందర లేని గడప

మా సమాజ్‌లో ఎవరినీ వెలివేయరు. ఈ మాట ఒకసారి పోలీసు అధికారి ముందు కూర్చుని చెప్పాను కూడా. వెలివేస్తే జైలని మహారాష్ట్రలో చట్టం వచ్చిన దగ్గర్నుంచి ఆ మాటే మా నోళ్లలోంచి మాయమైంది. దాని బదులు మా సమాజ్ పెద్ద ఆశన్న మామ పాన్ నములుతూ మెల్లగా ఇంకో మాట అంటాడు. "ఆ గడపకు తొందరేం లేదు తియ్ బిడ్డా" అంటాడు.

ఆ మాట ఆయన నా ఒక్కదానికే చెబుతాడు. ఎందుకంటే కుంకుమ భరిణె ఉండేది నా చేతిలో.

మాది బల్లార్‌పూర్ పక్కన, బామ్ని దాటాక వచ్చే గని బస్తీ. నూట ఇరవై ఇళ్లు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి, రాజురా సరిహద్దు ఊళ్ల నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చి బొగ్గు బావుల్లోకి దిగినవాళ్ల కొడుకులూ కోడళ్లూ మనవలూ ఇక్కడ ఉంటారు. మాలో పెళ్లయినా, పేరు పెట్టినా, బోనమైనా ఫోను పిలుపు చెల్లదు, కార్డు చెల్లదు. సమాజ్ తరఫున ఒక ముత్తైదువ భరిణె పట్టుకుని గడప గడపకూ పోవాలి. గడపకు ఒక బొట్టు, ఇంట్లో ఆడవాళ్లకు ఒక బొట్టు పెట్టి "ఇంటిల్లిపాది రావాలె" అనాలి. బొట్టు పడిన ఇల్లే సమాజ్‌లో ఉన్న ఇల్లు. పడని ఇంటికి ఎవరూ ఏమీ చెప్పరు. ఆ ఇంటివాళ్లే అర్థం చేసుకోవాలి.

ముప్పై ఏళ్లు మా అత్తమ్మ ఈరమ్మ ఈ పని చేసింది. మామయ్య పోయాక ఆమె నుదుటి బొట్టుతో పాటే భరిణె కూడా పోయి నా చేతికొచ్చింది. అప్పుడు గొప్పగా అనిపించింది. నా పేరు సుభాషిణి, మంచిర్యాల నుంచి కోడలిగా వచ్చినదాన్ని, అంగన్‌వాడీలో పిల్లలకు కిచిడీ వండి పెట్టేదాన్ని. అలాంటి నేను వీధిలో నడుస్తుంటే నూట ఇరవై ఇళ్ల ఆడవాళ్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవారు. నిజం చెప్పొద్దూ, ఆ నడక నాకు ఇష్టంగా ఉండేది.

ఆశన్న మామను చెడ్డవాడని అనలేను, అదే బాధ. గనిలో కూలీల మీద సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. ఎవరి మీదా గొంతు పెంచడు. బస్తీకి నీళ్ల ట్యాంకర్ తెచ్చింది ఆయనే, ఒకప్పుడు గల్లీకొకటి ఉన్న సారా అడ్డాలను మూయించింది ఆయనే. మా బస్తీలో దొంగతనం జరగదు. పనికి పోయినా ఊరికి పోయినా తలుపు దగ్గరికి వేసి పోతారు తప్ప తాళం వేసే అలవాటు ఎవరికీ లేదు. చుట్టుపక్కల బస్తీలవాళ్లు మమ్మల్ని చూసి కుళ్లుకునేవారు. ఆ క్రమశిక్షణకంతా వేరు ఒక్కటే: ఇంటి గొడవ సమాజ్ గడప దాటి ఠాణాకు పోకూడదు.

ఇక చావు సంగతి. మాలో పూడ్చిపెడతారు. ఎవరు పోయినా ఇంటికో మనిషి, మనిషికో పార. బయటివాడి పార మా గోతిలో పడకూడదని పట్టింపు. భూమి లోపల బతికినవాళ్లు కాబట్టి గొయ్యి తవ్వడంలో మావాళ్లకు పెద్ద పేరు. ఆ గొయ్యి కొలత మాత్రం రాయమల్లు కాకదే. మనిషిని ఒక్కసారి చూసి, ఎడమ మూరతో నేల మీద కొలిచి గీత గీసేవాడు. నలభై ఏళ్లలో ఒక్క గొయ్యి కూడా ఒక బెత్తెడు పొడవు కాలేదు, ఒక బెత్తెడు తగ్గలేదు.

రాయమల్లు కాక మా అత్తమ్మకు తమ్ముడి వరస. రక్తం పంచుకు పుట్టకపోయినా ఇద్దరిదీ లక్కడ్‌కోట్ ఊరు. అత్తమ్మకు పుట్టింటివాళ్లు ఎవరూ మిగల్లేదు, అందుకని పుట్టిల్లు అంటే కాకే. ప్రతి సాయంత్రం వచ్చి ఆమె మంచం పక్కన కూర్చుని ఊరి పొలాల గురించి, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దుల గురించి మాట్లాడేవాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక అత్తమ్మ ఒకే మాట పట్టుకుంది. "నేను పోయిన దినం నూట ఇరవై పారలు రావాలె. కొలత తమ్ముడు గీయాలె. పుట్టింటి చీర తమ్ముడే తేవాలె" అనేది. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పాకే పాడె లేస్తుంది. ఆ చీరను కోడలు తన చేతులతో అందుకోవాలి.

కాకకు భార్య లేదు, ఒక్కతే కూతురు ఉజ్వల. చంద్రపూర్‌లో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మా సమాజ్ పిల్లాడికే, ఆశన్న మామ చెల్లెలి కొడుకు రాజేష్‌కే ఇచ్చి చేశారు. భద్రావతిలో కాంట్రాక్టు పని చేసేవాడు, తాగితే చేతులు ఊరుకోవు. మూడుసార్లు సమాజ్ కూర్చుంది. మూడుసార్లూ రాజేష్ చెవులు పట్టుకున్నాడు, మూడుసార్లూ ఉజ్వలను నచ్చజెప్పి వెనక్కి పంపారు. నాలుగోసారి ఆమె అంగన్‌వాడీకి వచ్చింది. పిల్లలు పడుకుని ఉన్నారు. ఎడమ చెవి వినపడడం లేదని, మాట్లాడాలంటే కుడివైపు రమ్మని చెప్పింది.

"మళ్ల సమాజ్‌కు పోవాల్నా అక్కా?" అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏం పనే సమాజ్‌కు? చక్కగ ఠాణాకు పో. నేన్ చెప్పిన్నని మాత్రం ఎవలకు చెప్పకు" అన్నాను.

ఆమె పోయింది. నా పేరు ఎవరికీ చెప్పలేదు, ఇప్పటిదాకా చెప్పలేదు. రాజేష్ పదకొండు రోజులు లోపల ఉండి వచ్చాడు. ఉజ్వల తండ్రి ఇంటికి వచ్చేసింది. బస్తీలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నెల తర్వాత అనంతరావు ఇంట్లో పెళ్లి వచ్చింది. ఆశన్న మామ భరిణెలో కుంకుమ పోస్తూ, తల ఎత్తకుండానే, "రాయమల్లు గడపకు తొందరేం లేదు తియ్ బిడ్డా" అన్నాడు.

నేను "సరే మామా" అన్నాను.

ఆ రోజు నడకను మరిచిపోలేను. కాక ఇల్లు మూడో కరెంటు స్తంభం పక్కన ఉంటుంది. పక్కింటికి బొట్టు పెట్టి బయటికి వచ్చేసరికి కాక తలుపు తెరిచి గడపలో నిలబడి ఉన్నాడు. పెళ్లి పిలుపు వస్తుందని తెలుసు కదా, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గడప కడిగి పసుపు రాసి ఉంది. లోపల ఉజ్వల కూడా తల దువ్వుకుని కూర్చుని ఉంది. నేను తల వంచుకుని, చీర కుచ్చిళ్లు సవరించుకుంటున్నట్టు చేసి, వీధి దాటి ఎదురు వరసలోకి పోయాను. వెనక నుంచి కాక గొంతు వినిపించింది. "సుభాషిణీ, జర చూస్కుంట పో, అటు మోరి ఉన్నది" అన్నాడు. నిజంగానే అక్కడ మురుగు మోరీ మీద కప్పిన రాయి లేచిపోయి ఉంది. ఆయన చెప్పకపోతే పడేదాన్ని.

ఆ మర్నాటి నుంచి అంతా దానంతట అదే జరిగిపోయింది. ఉజ్వల కుళాయి దగ్గరికి వస్తే ఆడవాళ్లకు ఇంట్లో పని గుర్తొచ్చేది. కాక హోటల్లో కూర్చుంటే పక్క బల్ల ఖాళీ అయ్యేది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ తలుపు మూయలేదు. కాక మా ఇంటికి రావడం తనంతట తనే మానేశాడు. అత్తమ్మ రోజూ సాయంత్రం "తమ్ముడేడి?" అనేది. "లక్కడ్‌కోట్ పోయిండు అత్తమ్మా, పొలం పనున్నదట" అని నేను చెప్పేదాన్ని. నాలుగో రోజుకు ఆ అబద్ధం అలవాటైంది.

ఉజ్వల ఊరుకునే పిల్ల కాదు. మరాఠీ బడిలో చదివింది, చట్టం చదివింది, బహిష్కారం మీద ఫిర్యాదు రాసి ఇచ్చింది. ఏప్రిల్‌లో ఒక అధికారి, ఒక లేడీ కానిస్టేబుల్ మా సమాజ్ భవన్‌కు వచ్చారు. చాప మీద బస్తీ అంతా కూర్చుంది. అధికారి ఒక్కొక్కరినీ మరాఠీలో అడిగాడు. "వాళ్లతో మాట్లాడొద్దని ఎవరన్నా చెప్పారా?" ఎవరూ చెప్పలేదు సాహెబ్. "మరి ఎందుకు మాట్లాడడం లేదు?" మాట్లాడతాం సాహెబ్, డ్యూటీలతో తీరడం లేదు. ఒక్కరు కూడా తడబడలేదు. మావాళ్లు ఇంత చక్కగా ఒక్క మాట మీద నిలబడగలరని నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి నా వంతు వచ్చింది. లేచి ముందుకు పోతుంటే ఆశన్న మామ పక్కనే కూర్చుని ఉన్నాడు. "మీ అత్తమ్మకు ఇప్పుడెట్లున్నది బిడ్డా?" అని అడిగాడు. ఎంతో ప్రేమగా అడిగాడు.

"బోలా తాయీ, చెప్పండి" అన్నాడు అధికారి. "పెళ్లికి అన్ని ఇళ్లకూ బొట్టు పెట్టారు. ఆ ఒక్క ఇంటికి ఎందుకు పెట్టలేదు? ఎవరన్నా వద్దన్నారా?"

ఒక్క మాట చాలు. ఆశన్న మామ పేరు చెబితే చాలు. కానీ నాకు మంచం మీద అత్తమ్మ కనిపించింది, ఆమె అడిగే నూట ఇరవై పారలు కనిపించాయి.

"ఎవరూ వద్దనలేదు సాహెబ్. మా సమాజ్‌లో అట్లాంటివి లేవు. ఆ రోజు వాళ్ల తలుపుకు తాళం ఉంది. మళ్లీ పోదామనుకుని మరిచిపోయాను" అన్నాను.

మా బస్తీలో తాళాలు ఉండవని అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అధికారికి మాత్రం తెలియదు. ఆయన కాక వైపు తిరిగి, "ఆ రోజు తాళం వేశారా?" అని అడిగాడు.

"చెప్పు బాపూ!" అని ఉజ్వల లేచి నిలబడింది. "మనింట్ల తాళం కప్పే లేదు. చెప్పు!"

కాక నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కొలత తీసేటప్పుడు చూసినట్టు, ఒక్కసారి పైనుంచి కిందికి చూశాడు.

"అవ్ సాబ్. ఏసిన" అన్నాడు. "ఆ దినం మేం ఊళ్లె లేము."

ఉజ్వల అలాగే కూలబడిపోయింది. అధికారి పిచ్చివాడేమీ కాదు. ఫైలు మూసేసి, వెళ్తూ వెళ్తూ బయట నా చేతిలో ఒక కాగితం ముక్క పెట్టాడు. దాని మీద ఫోన్ నంబరు ఉంది. "ఏమన్నా గుర్తొస్తే మరాఠీలో రెండు లైన్లు రాసి పంపండి తాయీ. మీ పేరు బయటికి రానివ్వను" అన్నాడు.

మర్నాడు పొద్దున కాక బల్లార్‌పూర్ బజారుకు పోయి ఒక తాళం కప్ప కొనుక్కొచ్చాడు. అప్పట్నుంచి పాల ప్యాకెట్టుకు పోయినా తాళం వేసే పోయేవాడు. మా బస్తీలో మొదటి తాళం అది. నేను చెప్పిన అబద్ధాన్ని ఆయన అలా రోజూ మోశాడు.

ఒకరోజు రేషన్ దుకాణం వెనక ఎవరూ లేనప్పుడు ఆయన ఎదురుపడ్డాడు. నేను ఏడుపు ఆపుకోలేక "ఎందుకట్లన్నవ్ కాకా?" అన్నాను.

"అక్క మంచంల ఉన్నది కదా బిడ్డా. నువ్వు నిజం చెప్తే ఆమెను ఎవలు మోస్తరు?" అన్నాడు. "ఉజ్వల చదువుకున్నది, ఎక్కడన్న బతుకుతది. పో, ఎవలన్న చూస్తరు."

అత్తమ్మ జూన్ మొదటి వారంలో పోయింది. వాన ఇంకా పడలేదు, పొద్దున తొమ్మిదికే నేల కాలుతోంది. బస్తీ అంతా వచ్చింది. ఆమె కోరుకున్నట్టే ఇంటికో పార కదిలింది. కొలత మాత్రం ఆశన్న మామ కొడుకు సీతారాం తీశాడు, టేపు పెట్టి. అత్తమ్మకు స్నానం చేయించి పడుకోబెట్టాక ముసలమ్మలు "పుట్టింటి చీర ఏది?" అని మొదలుపెట్టారు. అది ఎక్కడుందో అడిగినవాళ్లకూ తెలుసు.

వీధి చివర మూడో స్తంభం దగ్గర కాక నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతిలో బట్టల దుకాణం సంచి. ముందుకూ రావడం లేదు, వెనక్కీ పోవడం లేదు. పిలిస్తే వస్తాడు.

ఆయన తెచ్చిన చీర నేను అందుకుంటే ఏమవుతుందో ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. పాడె దగ్గర ఉన్న మగవాళ్లు ఒక్కొక్కరే రెండు అడుగులు వెనక్కి జరిగి, పారలు భుజాల మీద సర్దుకుంటున్నారు. మా ఆయన ఎల్లేష్ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. ఆయన నోరు విప్పడని నాకు తెలుసు. చీర అందుకోవాల్సింది నేను.

ఆశన్న మామ నా పక్కకు వచ్చాడు. "కోడలా, ఆ చీరకు తొందరేం లేదు. మా ఇంట్ల కొత్తది ఉన్నది. రుక్మిణి తెస్తది" అన్నాడు. రుక్మిణి ఆయన భార్య. అప్పటికే ఆమె చేతిలో చీర మడత ఉంది.

"తెమ్మనుండ్రి మామా" అన్నాను.

గట్టిగా అనలేదు. అయినా వీధి అంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మూడో స్తంభం దాకా వినపడుతుంది. కాక సంచిని పక్కనున్న పంప్‌హౌస్ గోడ మీద పెట్టాడు, గాలికి పోకుండా దాని మీద ఒక రాయి పెట్టాడు. పాడె లేచాక చాలా దూరంలో, చెప్పులు లేకుండా వెనక నడిచి వచ్చాడు. శ్మశానం బయటే నిలబడ్డాడు. మర్నాడు పాలు పోయడానికి పోతే అత్తమ్మ సమాధి చుట్టూ మట్టి ఎవరో చదును చేసి ఉన్నారు. పడమటి వైపు జారకుండా చిన్న రాళ్లు పేర్చి ఉన్నాయి. ఎవరో నాకు తెలుసు. ఎల్లేష్‌కూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, దినాలు కాగానే ఆ రెండు లైన్లు రాసి పంపాలని. అత్తమ్మ కోసమే కదా ఆగాను, అత్తమ్మ పోయింది కదా, ఇంకా ఎవరి కోసం భయం? దినాలు అయిపోయాయి. అప్పుడు మా కొడుకు చందు గుర్తొచ్చాడు. వాడికి సంబంధాలు చూస్తున్నాం, సమాజ్‌లోనే చూడాలి కదా. ఆ తర్వాత మా ఎల్లేష్ గుర్తొచ్చాడు, రేపు ఆయనకేమన్నా అయితే ఎలా అని. ఆ తర్వాత నేనే గుర్తొచ్చాను. వెతుక్కోవాలే కానీ భయానికి మనుషులు దొరకకపోరు. మంచంలో ఉన్న ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని నేను నాలుగు నెలలు మంచిదాన్నని అనుకున్నాను. సిగ్గేస్తోంది.

వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన మూడో రోజు రాయమల్లు కాక పోయాడు. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, వానాకాలం తట్టుకోలేకపోయాయి. తెల్లవారాక ఉజ్వల ఒక్కతే బయటికి వచ్చి, తండ్రి శవానికి కాపలా ఎవరూ లేక తలుపుకు తాళం వేసి, ఇల్లిల్లూ తిరిగింది. నూట ఇరవై తలుపులూ తెరుచుకున్నాయి. ఎవరూ రానని అనలేదు. "అయ్యో, ఎప్పుడు?" అన్నారు. "పాపం, మంచి మనిషి" అన్నారు. ఒకరికి నడుము పట్టేసింది, ఒకరికి డ్యూటీ ఉంది, ఒకరు రాజురా పోవాలి. మా తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

"అక్కా, బావను పంపుతవా? నలుగురన్న కావాలె. ముగ్గురైనా సరే" అంది.

"నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పన్నడు చెల్లె. లేపితే లేస్తలేడు" అన్నాను.

ఎల్లేష్ పరదా వెనకే, చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు. పరదా కింద ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. ఉజ్వల వాటిని చూసింది. నన్ను చూసింది. "సరే అక్కా" అని పోయింది. ఠాణాకు పొమ్మన్నది నువ్వే కదా అని అడిగి ఉంటే నేనేం చేసేదాన్నో తెలియదు. ఆమె అడగలేదు.

మధ్యాహ్నం బల్లార్‌పూర్ నుంచి శవం బండి వచ్చింది. దాని వెనక జేసీబీ వచ్చింది. శ్మశానానికి పోయే దారి మా అంగన్‌వాడీ కిటికీలోంచి కనిపిస్తుంది. పిల్లలు జేసీబీ జేసీబీ అని ఎగిరి కిటికీకి వేలాడారు. నేను వాళ్లను లాగేయలేదు, వాళ్ల వెనకే నిలబడి చూశాను. డ్రైవరు బీహార్ కుర్రాడు, ఎంత లోతు తీయాలో అతనికి తెలియదు. ఉజ్వల చేతితో ఏదో చూపించింది. ఇనుప చేయి ఐదుసార్లు దిగి లేచింది. గడియారం చూశాను, ఏడు నిమిషాలు. గొయ్యి ఇద్దరు పట్టేంత వెడల్పు వచ్చింది. నలభై ఏళ్లు బెత్తెడు తేడా లేకుండా అందరికీ కొలిచి ఇచ్చిన మనిషిని, శవం బండి డ్రైవరు, వాడి హెల్పరు, ఆసుపత్రి నుంచి వచ్చిన ఇద్దరు నర్సులు, ఉజ్వల కలిసి ఆ వెడల్పాటి గోతిలో ఒక పక్కకు పడుకోబెట్టారు. తర్వాత జేసీబీయే మట్టి తోసింది. పైనుంచి ఒకసారి తట్టింది కూడా.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే పిల్లలకు కిచిడీ వడ్డించాను.

ఉజ్వల దసరాకు ముందే నాగ్‌పూర్ వెళ్లిపోయింది. ఇంటికి ఆ తాళం అలాగే వేలాడుతోంది, వానకు తుప్పు పట్టింది. కాక పెట్టిపోయిన సంచి మా ఇంట్లో అత్తమ్మ ట్రంకు పెట్టె అడుగున ఉంది. ఆ రోజు చీకటి పడ్డాక పోయి గోడ మీదనుంచి తెచ్చాను. లోపల ముదురు ఆకుపచ్చ చీర ఉంది. అత్తమ్మకు ఇష్టమైన రంగది, మామయ్య పోయాక మళ్లీ కట్టుకోలేదు. ఆ సంగతి ఒక్క తమ్ముడికే గుర్తుంది.

నిన్న సీతారాం కూతురికి పేరు పెట్టే పిలుపు. ఆశన్న మామ భరిణెలో కుంకుమ పోసి, చాలా తేలికైన మనసుతో, "అన్ని గడపలకు పోయి రా బిడ్డా. ఇప్పుడు అడ్డమేం లేదు" అన్నాడు. నేను బయల్దేరాను. ఒక్కో గడపా దాటుతూ మూడో స్తంభం దాకా వచ్చాను. ఆ ఇంట్లో ఎవరూ లేరు. గడపలో గడ్డి మొలిచింది. ఎవరూ చూడడం లేదు, ఎవరూ వద్దనలేదు. అయినా నేను తల వంచుకుని, కుచ్చిళ్లు సవరించుకుంటూ, వీధి దాటి ఎదురు వరసలోకి పోయాను. మోరీ దగ్గర మాత్రం చూసుకుని నడిచాను.

ఈ సాయంత్రం ఆ కాగితం ముక్క తీసి ముందు పెట్టుకుని కూర్చున్నాను. రాయాల్సింది రెండు లైన్లే. ఆ రోజు ఆ తలుపుకు తాళం లేదు, ఆశన్న మామ వద్దంటేనే నేను బొట్టు పెట్టలేదు. రాయమల్లు కాక ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడపలో నిలబడి నా కోసం చూస్తున్నాడు.

పదిహేడేళ్లుగా అంగన్‌వాడీ రిపోర్టులన్నీ మరాఠీలోనే రాస్తున్నాను, నాకు అది నిమిషం పని. కానీ కూర్చున్న దగ్గర్నుంచి ఇదంతా తెలుగులో రాసుకుంటూ వచ్చాను. మా చందుకు తెలుగు చదవడం రాదు. ఉజ్వలకు రాదు. ఆ అధికారికి అసలే రాదు. బస్తీలో చదవగలిగింది ఆశన్న మామ ఒక్కడే, ఆయనకూ కళ్లలో పొర వచ్చి రెండేళ్లయింది.